హౌస్ సర్జన్సీ నుంచి పీజీ సీటు దాకా: ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలి

హౌస్ సర్జన్సీలో (ఎంబీబీఎస్ చివర ఏడాది పాటు చేసే ఇంటర్న్‌షిప్‌లో) ఉన్నవాళ్లకు పీజీ చదువు గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఏ యాప్ మంచిది, ఎవరి నోట్స్ చదవాలి, రోజుకు ఎన్ని ప్రశ్నలు చేయాలి అన్నీ సీనియర్లు చెబుతారు. సర్టిఫికెట్లు ఎప్పుడు తీసుకోవాలి, దరఖాస్తులో ఎక్కడ పొరపాటు పడతాం, వెబ్ ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నేను ప్రభుత్వ కాలేజీలో ఎండీ చేసి, ఇప్పుడు అలాంటి కాలేజీలోనే పని చేస్తున్నాను. ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో జూనియర్ల ఫోన్లు వస్తాయి. వాటిలో సగం ఫోన్లు రెండు నెలల ముందు వచ్చి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పగలిగేవాణ్ని. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. మన దేశంలో పీజీ సీటుకు ఇంటర్వ్యూ లేదు, బయోడేటా అడగరు. రాత్రి రెండింటికి కాజువాల్టీలో మీరు ఎంత ఓపిగ్గా పని చేశారో ఎవరూ చూడరు. సీటు కేటాయించేటప్పుడు చూసేవి మూడే: మీ ర్యాంకు, మీ కాగితాలు, మీరు పెట్టిన ఆప్షన్ల వరస. ర్యాంకు కోసం ఏడాది పాటు నిద్ర మానుకుని, మిగతా రెండింటికి రెండు రోజులు కూడా కేటాయించనివాళ్లను చాలామందిని చూశాను. చదువు సంగతి మీకు తెలుసు కాబట్టి ఇక్కడ ఆ రెండింటి గురించే ఎక్కువ చెబుతాను.

మొదటి పని: హౌస్ సర్జన్సీ ముగిసే తేదీ లెక్క వేసుకోండి

ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చి పోస్టింగులు మొదలైన వారంలోనే ఈ పని చేయాలి. పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ పీజీకి ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. ఆ తేదీకల్లా 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తవ్వాలి. 2024లో ఆ తేదీ ఆగస్టు 15, 2025లో జూలై 31. ఏటా మారుతుంది కాబట్టి మీ ఏడాది బులెటిన్ రాగానే ముందు ఆ ఒక్క వాక్యం వెతకండి.

నియమాల ప్రకారం ముందస్తు అనుమతితో 15 రోజుల సెలవు వాడుకోవచ్చు. అంతకు మించి ఎన్ని రోజులు రాకపోతే అన్ని రోజులు ఎక్స్‌టెన్షన్ పడుతుంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి చదువుకోవడానికని అనుమతి తీసుకోకుండా ఒక పోస్టింగ్‌లో రెండు వారాలు వెళ్లలేదు. యూనిట్‌లో ఎవరూ ఏమీ అనలేదు. చివర్లో కంప్లీషన్ సర్టిఫికెట్ అడిగినప్పుడు ఆ రెండు వారాలు బయటపడ్డాయి. ఎక్స్‌టెన్షన్‌తో కటాఫ్ దాటిపోయింది. మంచి ర్యాంకు తెచ్చుకునే పిల్ల ఆ ఏడాది పరీక్షే రాయలేకపోయింది. 'చూసీ చూడనట్టు వదిలేస్తారులే' అన్న మాట మీద ఏడాదిని పణంగా పెట్టకండి.

ప్రతి పోస్టింగ్ చివరి రోజునే లాగ్‌బుక్‌లో సంతకం, అటెండెన్స్ మీద హెచ్‌ఓడీ సంతకం పెట్టించుకోండి. ఆర్నెల్ల తర్వాత వెళితే ఆ ప్రొఫెసర్ బదిలీ అయిపోయి ఉండవచ్చు. సంతకం పెట్టిన ప్రతి పేజీనీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

విదేశాల్లో ఎంబీబీఎస్ చేసి వచ్చినవాళ్లకు ఈ లెక్క ఇంకా ముందు మొదలవుతుంది. వాళ్లు ఇక్కడ రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, 300 మార్కులకు 150 రావాలి. అది పాసై, ఇక్కడ ఇంటర్న్‌షిప్ దొరికి, అది కటాఫ్‌లోపు పూర్తవ్వాలి. ఇంటర్న్‌షిప్ కేటాయింపు కోసం ఎదురుచూసే నెలలను కూడా లెక్కలో వేసుకోండి.

రెండో పని: ఒక ఫైలు, దాని లోపల అన్నీ

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఎంబీబీఎస్ మార్కుల మెమోలు అన్నీ, ప్రొవిజనల్ డిగ్రీ, స్టడీ అండ్ కాండక్ట్, ఇంటర్న్‌షిప్ కంప్లీషన్, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆధార్, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ. ఒరిజినల్స్ ఒక ఫైలులో, మూడు సెట్ల జిరాక్సులు ఇంకో ఫైలులో పెట్టండి. ప్రతి కాగితాన్నీ స్పష్టంగా స్కాన్ చేసి విడిగా పీడీఎఫ్‌గా దాచండి. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోలు వెరిఫికేషన్‌లో తిరిగొస్తాయి.

ఇంటర్న్‌షిప్ అయిన మర్నాడే శాశ్వత రిజిస్ట్రేషన్ పని మొదలుపెట్టండి. తెలంగాణ వాళ్లకు హైదరాబాద్‌లోని మెడికల్ కౌన్సిల్, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు విజయవాడలోని మెడికల్ కౌన్సిల్. ఒకే నెలలో రాష్ట్రంలోని హౌస్ సర్జన్లందరూ దీనికే వస్తారు.

మన వాళ్లకు తరచూ వచ్చే చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డులో ఇంటిపేరు వెనక్కి వెళుతుంది. పరీక్ష దరఖాస్తులో ఒక రకంగా, రిజిస్ట్రేషన్‌లో ఇంకో రకంగా ఉంటే రిపోర్టింగ్ రోజున అఫిడవిట్ కోసం పరుగెత్తాలి. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే ఆధార్‌ను ఇప్పుడే సరిచేయించుకోండి. దీనికి సమయం పడుతుంది, పరీక్షకు నెల ముందు చేసే పని కాదు.

రెండో చిక్కు రిజర్వేషన్ కాగితాలు. దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో మీరు బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపుల్లో ఒకరు. ఆలిండియా కోటాలో (దేశం మొత్తానికి కలిపి భర్తీ చేసే సీట్లలో) గ్రూపులు లేవు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ఒక్కటే. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకుని, ఉంటే కేంద్ర ఫార్మాట్‌లో కొత్త సర్టిఫికెట్ తీసుకోండి. మీసేవలోనో సచివాలయంలోనో తీసుకున్న మామూలు కుల సర్టిఫికెట్ దీనికి సరిపోదు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరంతో ముడిపడి ఉంటుంది, నిరుడు తీసుకున్నది ఈ ఏడాది చెల్లదు. వైకల్యం ఉన్నవాళ్లకు రాష్ట్రంలో ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ఆలిండియా కౌన్సెలింగ్ నడిపే ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) గుర్తించిన కేంద్రానికి వెళ్లి అక్కడి బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ కేంద్రాలు కొన్నే ఉంటాయి, కౌన్సెలింగ్ మొదలయ్యాక కిటకిటలాడతాయి.

తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే పని మీ డ్యూటీల మధ్య కుదరదు. అమ్మానాన్నల్లో ఎవరికైనా అప్పగించండి. ఏ ఫార్మాట్ కావాలో ప్రింట్ తీసి వాళ్ల చేతికివ్వండి, నోటితో చెబితే పాత రకందే తెస్తారు.

మూడో పని: ఏ పరీక్షలు రాయాలో తేల్చుకోండి

నీట్ పీజీ అందరికీ తెలిసిందే. జాతీయ పరీక్షల బోర్డు ఎన్‌బీఈఎంఎస్ నిర్వహిస్తుంది. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఎండీ, ఎంఎస్ సీట్లే కాదు, డీఎన్‌బీ (ఎన్‌బీఈఎంఎస్ ఇచ్చే పీజీ పట్టా) సీట్లకూ, రెండేళ్ల ఎన్‌బీఈఎంఎస్ డిప్లొమాలకూ ఇదే పరీక్ష. డీఎన్‌బీ అనగానే పెదవి విరిచేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎండీ, ఎంఎస్‌లకు సమానమైన గుర్తింపు దానికి ఉంది. మంచి కేసులున్న ఆసుపత్రిలో డీఎన్‌బీ, మంచాలు ఖాళీగా ఉండే కాలేజీలో ఎంఎస్ రెండూ దొరికితే నేను మొదటిదే తీసుకోమంటాను.

రెండోది ఐఎన్ఐ సెట్, అంటే జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థల ప్రవేశ పరీక్ష. దీన్ని ఢిల్లీ ఎయిమ్స్ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది: జనవరి సెషన్‌కు ఒకటి, జూలై సెషన్‌కు ఒకటి. ఎయిమ్స్‌లన్నీ, పుదుచ్చేరి జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ, బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర దీని కిందికే వస్తాయి. మనకు దగ్గరలో ఉన్న మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ సీట్లు కూడా నీట్ పీజీలో రావు, ఈ పరీక్ష రాస్తేనే వస్తాయి. ఇక్కడ ముందు బేసిక్ రిజిస్ట్రేషన్ చేసుకుని, అది ఆమోదం పొందాక మళ్లీ లాగిన్ అయ్యి దరఖాస్తు పూర్తి చేయాలి. మొదటి దశ చేసి అంతా అయిపోయిందనుకుని ఊరుకున్నవాళ్లు ఉన్నారు. మీ ఇంటర్న్‌షిప్ ఏ నెలలో ముగుస్తుందో చూసుకుని రెండు సెషన్లలో ఏది కుదురుతుందో ఇప్పుడే రాసుకోండి.

నాలుగో పని: దరఖాస్తు

ఇది గంటన్నర పని. నైట్ డ్యూటీ దిగి కళ్లు మూసుకుపోతున్నప్పుడు చేయకండి, చివరి రోజూ చేయకండి. నెట్ సెంటర్‌లో ఇంకొకరి చేత చేయించకండి. మొబైల్ నంబరు, మెయిల్ ఐడీ మీవే ఇవ్వండి. కౌన్సెలింగ్ ముగిసేదాకా ఓటీపీలన్నీ వాటికే వస్తాయి కాబట్టి ఆ నంబరు మార్చకండి.

ఫొటో, సంతకం, వేలిముద్ర దగ్గర చాలా దరఖాస్తులు ఆగుతాయి. ఫొటో స్టూడియోలో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో తీయించండి. సెల్ఫీని కత్తిరించి పెడితే తిరగ్గొడతారు. తప్పులు దిద్దుకోవడానికి ఎడిట్ విండో ఇస్తారు, ఫొటోల కోసం విడిగా ఇంకోసారి ఇస్తారు. ఆ తేదీల్లో రోజూ ఒకసారి లాగిన్ అయ్యి చూడండి. ఎస్సెమ్మెస్ వస్తుందిలే అని కూర్చోవద్దు.

కేటగిరీ గడి నింపేటప్పుడు ఆ సర్టిఫికెట్‌ను ఎదురుగా పెట్టుకుని నింపండి. ఫీజు ఇటీవల జనరల్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 3,500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు 2,500. డబ్బు కట్టాక కన్ఫర్మేషన్ పేజీని ప్రింట్ తీసి ఫైలులో పెట్టండి.

పరీక్ష రోజు గురించి రెండు మాటలు. అడ్మిట్ కార్డుతో పాటు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ జిరాక్సు, ఒరిజినల్ గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి. రిజిస్ట్రేషన్ జిరాక్సు మరిచిపోయి గేటు దగ్గర ఏడ్చినవాళ్లను నేను చూశాను. పేపరు సెక్షన్లుగా ఉంటుంది, ఒక సెక్షన్ సమయం ముగిశాక వెనక్కి వెళ్లడం కుదరదు. మాక్ టెస్టులు కూడా అదే పద్ధతిలో రాయండి.

ఐదో పని: ర్యాంకు వచ్చాక రెండు కౌన్సెలింగ్‌లు

2025లో 2.42 లక్షలకు పైగా అభ్యర్థులు నీట్ పీజీకి దరఖాస్తు చేశారు. ఫలితం చూడగానే వెయ్యి రకాల మాటలు వినిపిస్తాయి. ఒకరోజు ఫోన్ పక్కన పెట్టి నిద్రపోండి. ఆ తర్వాత ఈ పటం గుర్తుపెట్టుకోండి.

ప్రభుత్వ కాలేజీల పీజీ సీట్లలో 50 శాతం ఆలిండియా కోటాకు వెళతాయి. వాటిని, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లను, డీఎన్‌బీ సీట్లను ఢిల్లీలోని ఎంసీసీ భర్తీ చేస్తుంది. మిగతా 50 శాతం ప్రభుత్వ సీట్లు, ప్రైవేటు కాలేజీల కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా సీట్లు రాష్ట్ర యూనివర్సిటీల చేతిలో ఉంటాయి. తెలంగాణకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. రెండింటికీ వేరువేరుగా రిజిస్టర్ కావాలి. కన్వీనర్ కోటాకు ఒక నోటిఫికేషన్, మేనేజ్‌మెంట్ కోటాకు ఇంకొకటి ఉంటాయి.

స్థానికత విషయం ఈ మధ్య చాలాసార్లు కోర్టులకెక్కింది. పీజీ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చదివిన సంస్థను బట్టి ఇచ్చే ప్రాధాన్యాన్ని కొంతమేర ఒప్పుకుంది. అందుకే 'మా అన్నయ్యప్పుడు ఇలా ఉండేది' అన్న మాట మీద ఆధారపడకండి. మీ ఏడాది నోటిఫికేషన్‌లో స్థానికత పేరాను పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ చదవండి. అర్థం కాకపోతే యూనివర్సిటీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, జవాబును తేదీతో సహా రాసుకోండి.

ఎంసీసీలో ఆలిండియా కోటాకు ఇటీవలి ఏళ్లలో రిజిస్ట్రేషన్ ఫీజు 1,000 రూపాయలు, తిరిగొచ్చే డిపాజిట్ 25,000. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, వికలాంగులకు ఇవి 500, 10,000. డీమ్డ్ కాలేజీలు కూడా కావాలంటే ఫీజు 5,000, డిపాజిట్ 2 లక్షలు. డీమ్డ్‌లో చేరే ఆర్థిక స్తోమత లేనప్పుడు 'ఉంటుందిలే' అని ఆ టిక్ పెట్టకండి. ఈ డబ్బు మీ పేరున్న ఖాతా నుంచే కట్టండి, ఎందుకంటే కట్టిన ఖాతాకే తిరిగొస్తుంది. తెలిసినవాళ్ల కార్డుతో కట్టి తర్వాత నెలల తరబడి అడుక్కోవాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు.

అర్హత మార్కు కూడా రాలేదని నిరాశపడినవాళ్లు కాగితాలు మూట కట్టి అటక మీద పెట్టకండి. సీట్లు మిగిలిపోతే మధ్యలో పర్సంటైల్ తగ్గిస్తారు. 2023లో అన్ని వర్గాలకూ సున్నా దాకా తగ్గించారు. దాన్నే నమ్ముకుని చదువు ఆపొద్దు, కానీ ఆ ప్రకటన వస్తే రెండు రోజుల్లో రిజిస్టర్ కాగలిగేలా ఉండండి.

ఆరో పని: ఆప్షన్ల జాబితా

నా దృష్టిలో మీ అసలు దరఖాస్తు ఇదే. ముందు కంప్యూటర్ ఎలా పని చేస్తుందో తెలుసుకోండి. అది ఒకటో ర్యాంకు నుంచి మొదలుపెడుతుంది. మీ ముందున్నవాళ్లందరి వంతూ అయ్యాక మీ జాబితా తెరిచి పై నుంచి కిందికి చదువుతుంది. మీ కేటగిరీకి ఖాళీ ఉన్న మొదటి సీటు ఎక్కడ తగిలితే అక్కడ ఆగి, అది మీకిచ్చేసి, తర్వాతి ర్యాంకుకు వెళుతుంది. అంతే.

దీన్నుంచి రెండు విషయాలు తేలతాయి. ఒకటి, రాదనుకున్న సీటును పైన పెట్టినందువల్ల మీకు ఏ నష్టమూ లేదు. 'ఛాన్స్ లేనిదాన్ని మొదట రాస్తే ఆప్షన్ వేస్ట్ అవుతుంది' అని ఏటా ఎవరో ఒకరు భయపెడతారు. అది తప్పు. రెండు, కింద ఉన్న సీటు మీకు ఎంత ఇష్టమైనా, పైన రాసినది ఖాళీగా ఉంటే అదే ఇస్తుంది. వచ్చే అవకాశం ఎక్కువ ఉందని ఇష్టం లేనిదాన్ని పైకి తెస్తే నష్టపోయేది మీరే.

కాబట్టి జాబితాను ఇలా తయారు చేయండి. మొదటి రోజు నిరుటి కటాఫ్‌లు చూడొద్దు. తెల్ల కాగితం మీద మీరు చేయగలిగిన బ్రాంచ్‌లు రాయండి, చేయలేనివి వేరుగా రాయండి. ఎందుకో కూడా పక్కన ఒక మాట రాయండి.

బ్రాంచ్ సంగతి తెలుసుకోవడానికి ఆ బ్రాంచ్ ప్రొఫెసర్‌ను చూస్తే లాభం లేదు. ఆయన ఇరవై ఏళ్ల తర్వాతి మనిషి. ఫస్టియర్ పీజీని చూడండి. హౌస్ సర్జన్సీలో మీరు రోజూ వాళ్ల పక్కనే ఉంటారు. గైనిక్ తీసుకుందామనుకుంటే లేబర్ రూమ్‌లో రాత్రంతా నిలబడి, తెల్లవారుజామున ఇంకో సిజేరియన్‌కు పిలుపొస్తే మీ మనసు ఎలా ఉందో గమనించుకోండి. పీడియాట్రిక్స్ అంటే ఓపీలో నవ్వే పిల్లలే కాదు, ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) కిలో బరువున్న బిడ్డకు సెలైన్ లైన్ పెట్టడం కూడా. అనస్తీషియాలో పేషెంటు మీ పేరు గుర్తుపెట్టుకోడు, కానీ థియేటర్‌లో ప్రాణం మీ చేతిలో ఉంటుంది, క్రిటికల్ కేర్‌కు దారి ఉంటుంది. పాథాలజీలో గంటల తరబడి మైక్రోస్కోప్ ముందు కూర్చోవడం మీకు హాయిగా ఉంటుందా, ఊపిరాడనట్టు ఉంటుందా? జనరల్ మెడిసిన్ తీసుకుంటే తర్వాత కార్డియాలజీ, నెఫ్రాలజీ లాంటి సూపర్ స్పెషాలిటీలకు నీట్ ఎస్ఎస్ రాయాలి, అంటే చదువు ఇంకా ఉంది. రేడియాలజీ, డెర్మటాలజీ అందరూ పరుగెత్తే బ్రాంచ్‌లు. ఆ పరుగులో మీరెందుకున్నారో మీకు తెలియాలి. ఎవరో తీసుకుంటున్నారని తీసుకున్న రేడియాలజీ వదిలేసి మళ్లీ పరీక్ష రాసినవాళ్లూ ఉన్నారు.

నాన్ క్లినికల్ బ్రాంచ్‌లను తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట వినకండి. మైక్రోబయాలజీ, కమ్యూనిటీ మెడిసిన్, ఫార్మకాలజీలో సంతృప్తిగా పని చేస్తున్నవాళ్లు నా మిత్రుల్లో ఉన్నారు. అయితే పేషెంటును చూడకుండా ఉండలేను అనిపించే మనిషి 'సీటు వచ్చింది కదా' అని వాటిలో చేరితే మూడేళ్లు బాధపడతారు, ఆ సీటు కోరుకున్న ఇంకొకరికి కూడా అన్యాయం జరుగుతుంది.

రెండో రోజు కాలేజీలు. బ్రాంచ్ ముందా, కాలేజీ ముందా అంటే సాధారణంగా బ్రాంచ్ ముందు అంటాను. కానీ సర్జరీ, ఆర్థో, గైనిక్ లాంటి చేతి పనుల్లో కాలేజీ కూడా అంతే ముఖ్యం. ఉస్మానియా, గాంధీ, వరంగల్ ఎంజీఎం, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, కర్నూలు జీజీహెచ్, తిరుపతి రుయా లాంటి చోట్ల వచ్చే కేసుల సంఖ్యే ఒక చదువు. తెలియని కాలేజీ అయితే అక్కడి సెకండియర్ పీజీ నంబరు సంపాదించి ఇవి అడగండి: ఫస్టియర్‌లో స్వయంగా ఎన్ని కేసులు చేయనిచ్చారు? యూనిట్‌లో ఎంతమంది పీజీలు? వారానికి ఎన్ని నైట్ డ్యూటీలు? స్టైపెండ్ నెలనెలా వస్తుందా? హాస్టల్ ఉందా? ఎవరైనా మధ్యలో వదిలి వెళ్లారా, ఎందుకు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా వినండి. ఒక్కరినే అడిగి నిర్ణయానికి రావద్దు, ఇద్దరు ముగ్గురిని అడగండి.

మూడో రోజు అంకెలు. ఎంసీసీ, యూనివర్సిటీ రెండూ రౌండ్లవారీ కేటాయింపు జాబితాలు పెడతాయి. గత రెండేళ్లవి దించుకుని, మీ కేటగిరీలో ప్రతి సీటు చివరి ర్యాంకు ఎంతో ఎక్సెల్‌లో వేసుకోండి. రౌండ్ నంబరు కూడా రాయండి. మొదటి రౌండ్ చివరి ర్యాంకుకూ మూడో రౌండ్ చివరి ర్యాంకుకూ చాలా తేడా ఉంటుంది. ఈ అంకెలు మీ వరసను మార్చడానికి కాదు. జాబితా ఎంత కిందిదాకా వెళ్లాలో తెలుసుకోవడానికి.

చివరగా పక్కపక్కన ఉన్న రెండేసి ఆప్షన్లను తీసుకుని 'ఈ రెండూ నా ముందు పెడితే ఏది తీసుకుంటాను' అని అడుగుతూ పై నుంచి కిందికి రండి. కిందిదే కావాలనిపిస్తే మార్చండి. ఆఖరి ఆప్షన్ దగ్గర ఆగి, రేపు అదే వస్తే పెట్టె సర్దుకుని వెళతానా అని అడగండి. వెళ్లననిపిస్తే తీసేయండి. నేను రెండో రౌండ్‌లో జాబితా పొడవుగా ఉంటే మంచిదని విని, ఎప్పుడూ వెళ్లాలనుకోని సీట్లు ఆరేడు అడుగున చేర్చాను. వాటిలో ఒకటి వచ్చింది. చేరలేదు, డిపాజిట్ పోయింది. ఆ డబ్బు మా నాన్న అప్పు తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం ఆయన ఏమీ అనకుండా పొలానికి వెళ్లడం ఇంకా కళ్ల ముందు ఉంది.

ఇంట్లోవాళ్లతో మాట్లాడటం కూడా ఈ మూడు రోజుల్లోనే అయిపోవాలి. ఊరికి దగ్గరగా ఉండాలని అమ్మ కోరిక, ఫలానా బ్రాంచ్ అయితే సంపాదన బాగుంటుందని మావయ్య సలహా, పెళ్లి మాటలు. అన్నీ వినండి, గౌరవంగా వినండి. జాబితా లాక్ చేసే రాత్రి కొత్త చర్చ మొదలుపెట్టనివ్వకండి. లాక్ చేశాక ప్రింట్ తీసుకోండి. సమయం ముగిస్తే అప్పటికి సేవ్ అయి ఉన్న జాబితానే లాక్ అవుతుంది కాబట్టి, సగం చేసి వదిలేసిన జాబితా మిగలకుండా చూసుకోండి.

ఏడో పని: రౌండ్ల నియమాలు

ఎంసీసీలో మొదటి రౌండ్‌లో సీటు వచ్చి చేరకపోయినా ఏమీ పోదు. దీన్నే ఫ్రీ ఎగ్జిట్ అంటారు. చేరి, ఇంకా మంచిది కావాలనుకుంటే రిపోర్టింగ్ అప్పుడే అప్‌గ్రేడ్‌కు ఒప్పుకోవాలి. ఇక్కడ ఒక మాట: రెండో రౌండ్‌లో అప్‌గ్రేడ్ వస్తే పాత సీటు ఆ క్షణమే పోతుంది, రెండిట్లో ఏది కావాలో ఎంచుకునే వీలుండదు. కాబట్టి రెండో రౌండ్ జాబితాలో చేతిలో ఉన్నదానికంటే నిజంగా మంచివే పెట్టండి. రెండో రౌండ్ సీటులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండ్‌లో చేరాక వదులుకోవడం కుదరదు. మిగిలిన సీట్ల కోసం పెట్టే ఆఖరి స్ట్రే రౌండ్‌లో సీటు వచ్చి చేరకపోతే డిపాజిట్‌తో పాటు తర్వాతి ఏడాది పరీక్షకు కూడా దూరం కావాల్సి వస్తుంది.

రాష్ట్ర కౌన్సెలింగ్ దాదాపు ఇదే సమయంలో నడుస్తుంది. ఒక క్యాలెండర్ మీద ఎంసీసీ తేదీలు నీలం ఇంకుతో, రాష్ట్ర తేదీలు ఎర్ర ఇంకుతో రాసి గోడకు అంటించండి. ఆలిండియా సీటులో చేరే ఆఖరి తేదీ, రాష్ట్ర మొదటి జాబితా వచ్చే తేదీ ఏది ముందో అప్పుడే కనిపిస్తుంది. ఎక్కడ చేరారో ఒకరికొకరు సమాచారం ఇచ్చుకుంటారు కాబట్టి రెండు చోట్లా సీట్లు పట్టుకుని కూర్చోవడం కుదరదు.

చేరే ముందు బాండ్ చదవండి. మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన జరిమానా లక్షల్లో ఉంటుంది, ఒరిజినల్స్ కాలేజీ దగ్గరే ఉంటాయి. కోర్సు తర్వాత ప్రభుత్వ ఆసుపత్రుల్లో తప్పనిసరి సేవ ఎంతకాలమో రాష్ట్రానికో రకంగా ఉంటుంది. తమిళనాడులోనో మహారాష్ట్రలోనో ఆలిండియా సీటు పెట్టుకుంటే అక్కడి బాండ్ విడిగా చదవాలి. స్టైపెండ్ కూడా అంతే. తెలంగాణ ప్రభుత్వ కాలేజీల్లో 2025 పెంపు తర్వాత ఫస్టియర్ పీజీకి నెలకు 67,032 రూపాయలు. ప్రభుత్వ కాలేజీలతో సమానంగా ఇవ్వాలని ఎన్ఎంసీ (జాతీయ మెడికల్ కమిషన్) నియమం ఉన్నా ప్రైవేటు కాలేజీల్లో నిజంగా ఎంత చేతికొస్తుందో అక్కడి పీజీలే చెప్పగలరు.

ఈ రోజుల్లోనే గుర్తు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తాయి. మార్కులు పెంచుతామంటారు, మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడతామంటారు, అడ్వాన్స్ అడుగుతారు. మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటాలతో సహా ప్రతి సీటూ కౌన్సెలింగ్ ద్వారానే భర్తీ కావాలి. కాలేజీ తనంతట తాను ఇవ్వడానికి వీల్లేదు. ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆశపడి మీకు తెలియకుండా డబ్బు కట్టేది వాళ్లే.

ఈ ఏడాది సీటు రాకపోతే

రాదగ్గ సీటు వదిలి ఇంకో ఏడాది చదవాలా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఇంట్లో మీ సంపాదన అవసరమైతే బస్తీ దవాఖానాలోనో, పీహెచ్‌సీలోనో మెడికల్ ఆఫీసర్‌గా చేరి చదువుకోవడం తప్పేమీ కాదు. ప్రభుత్వంలో రెగ్యులర్ ఉద్యోగం వస్తే, నిర్ణీత కాలం పని చేశాక రెండు రాష్ట్రాల్లోనూ ఇన్ సర్వీస్ కోటా ఉంది. ఏ బ్రాంచ్‌లకు, ఎన్నేళ్ల సర్వీసుకు అన్నది ఆ ఏటి జీవో చూసి తెలుసుకోవాలి. గదిలో తలుపు వేసుకుని మూడో ఏడాది చదువుతూ ఎవరితోనూ మాట్లాడని పిల్లలను చూశాను. అలా ఉంటే దయచేసి ఎవరో ఒకరితో మాట్లాడండి. స్నేహితుడితోనో, మీ కాలేజీ సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న సీనియర్‌తోనో.

సీటు వచ్చాక

అలాట్‌మెంట్ లెటర్ దించుకోవడానికి ముందు యూనివర్సిటీ ఫీజు కట్టాల్సి ఉంటే కట్టండి. రిపోర్టింగ్‌కు ఆఖరి రోజున కాకుండా ఒకరోజు ముందే వెళ్లండి. ఒరిజినల్స్ ఇచ్చేముందు ప్రతిదాన్నీ మళ్లీ స్కాన్ చేసుకోండి, ఇచ్చాక వాటి పేర్లన్నీ ఉన్న రసీదు అడిగి తీసుకోండి. బాండ్ పేపర్లు, ష్యూరిటీలకు సంబంధించి కాలేజీ ఏమేం అడుగుతుందో అక్కడి ఫస్టియర్ పీజీకి ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. ష్యూరిటీ సంతకానికి రావాల్సిన మనిషి ఊళ్లో ఉంటే రెండు రోజులు పోతాయి.

చేరిన రోజే డ్యూటీ వేయవచ్చు. అందుకని రిపోర్టింగ్‌కు వెళ్లేటప్పుడే రెండు జతల బట్టలు, స్టెత్, ఏప్రన్, ఫోన్ ఛార్జర్, మీరు రోజూ వేసుకునే మందులు బ్యాగులో పెట్టుకోండి. వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు పీజీ నియమాల్లోనే ఉన్నాయని గుర్తుంచుకోండి. యూనిట్‌లో మీకంటే ముందున్న పీజీని కలిసి ఎమర్జెన్సీ మందుల ట్రే ఎక్కడుంటుందో, రాత్రి బ్లడ్ బ్యాంకుకు ఎవరు వెళతారో, అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను ఏ పరిస్థితిలో నిద్ర లేపాలో ముందే అడిగి జేబు పుస్తకంలో రాసుకోండి. మొదటి రాత్రి మీకు కావాల్సింది అదే పేజీ.